320 రూపాయల మీటరుతో ఎనిమిది నెలలు

మాది దేవరకొండ. ఇంటి ముందు గదిలో మిషన్లు వేసుకుని పదమూడేళ్లుగా బ్లౌజులు, లంగాలు, స్కూలు యూనిఫారాలు కుడుతున్నాను. మోటారు బిగించిన మిషన్ ఒకటి, కాలితో తొక్కే పాతది ఒకటి, ఒక ఇస్త్రీ పెట్టె, ఒక ఫ్యాను, ఒక ట్యూబులైటు. నా సంపాదనంతా ఒక్క స్విచ్చి బోర్డు మీద ఆధారపడి ఉంది. అయినా మొన్నటి జూన్ దాకా ఆ బోర్డు లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. మా పెద్దమ్మాయి పదో తరగతికి వచ్చింది. "అమ్మా, విద్యుత్ ప్రవాహం పాఠం చదివితే సరిపోదు, చేతితో కొలవాలని మా టీచర్ చెప్పింది, ఒక మల్టీమీటర్ కొనివ్వవా" అని అడిగింది. వోల్టులు, ఆంపియర్లు, ఓంలు కొలిచే ఆ చిన్న మీటరు అలా కొన్నాం. ఎనిమిది నెలలు వాడిన తర్వాత రాస్తున్నాను కాబట్టి మంచీ చెడ్డా రెండూ తెలుసు.

కొన్నది బజారులోని ఒక ఎలక్ట్రికల్ షాపులో. ముందు ఫోన్‌లో వెతికితే ఇంకా తక్కువకు కనిపించింది. కానీ వాడటం చూపించే మనిషి కావాలనుకున్నాం. షాపు పెద్దాయన 320 రూపాయలు చెప్పి, డబ్బా విప్పి, ముందు దానికి తొమ్మిది వోల్టుల సెల్లు వేసి ఇచ్చాడు. గల్లాపెట్టె మీద పడి ఉన్న గోడ గడియారం సెల్లు ఒకటి తీసి మా అమ్మాయి చేతికిచ్చి "కొలువు బిడ్డా" అన్నాడు. నల్ల వైరు సెల్లు కింద, ఎర్ర వైరు బొడిపె మీద పెట్టగానే తెర మీద 1.42 వచ్చింది. "ఇప్పుడు తిరగేసి పెట్టు" అన్నాడు. అదే అంకె ముందు ఒక చిన్న గీత వచ్చింది. "అంటే ఏది ప్లస్సు, ఏది మైనస్సు అన్నది కూడా మీటరే చెప్తది" అన్నాడు. వెనక గిరాకీలు నిలబడి ఉన్నా పది నిమిషాలు మాకిచ్చాడు. ఈ రివ్యూలో షాపుకు పూర్తి మార్కులు అందుకే.

మీటరు అరచేతికి కొంచెం పెద్దగా, పసుపు రంగులో ఉంటుంది. మధ్యలో గుండ్రటి మీట, దాని చుట్టూ ఇరవై గుర్తులు. కింద మూడు రంధ్రాలు. అన్నిటికన్నా కిందిది కామన్. నల్ల వైరు ఎప్పుడూ అందులోనే. మధ్యది వోల్టులు, ఓంలు, చిన్న కరెంట్ల కోసం. పైది 10 ఆంపియర్లది. పైదాని పక్కన చిన్న అక్షరాల్లో "అన్‌ఫ్యూజ్డ్" అని ఉంటుంది. అంటే ఆ దారిలో ఫ్యూజు లేదు. పెద్దాయన ఆ మాట మీద వేలు పెట్టి మరీ చెప్పాడు: "ఎర్ర వైరు దీంట్ల ఉండంగ బోర్డుల పెట్టినవంటే భళ్ళుమంటది. కొలుచుడు అయినంక మళ్ల మధ్య దాంట్లకు తెచ్చిపెట్టు." ఈ అలవాటు మా ఇంట్లో ఇప్పటికీ తప్పలేదు.

మనం కరెంటు అన్న ఒక్క మాటనే ఎన్నిటికి వాడతామో ఈ మీటరు చేతికి వచ్చాకే గమనించాను. కరెంటు పోయింది, కరెంటు వచ్చింది, కరెంటు తక్కువ ఉంది, కరెంటు కొట్టింది, కరెంటు బిల్లు కట్టాలి. మీటరుకు ఈ భాష అర్థం కాదు. మీట ఎక్కడ తిప్పాలో మనమే తేల్చుకోవాలి: వోల్టులా, ఆంపియర్లా, ఓంలా? గోడ బోర్డులో ఏమీ పెట్టకుండా ఉంటే అక్కడ 230 వోల్టులు ఉంటాయి, కానీ పారే కరెంటు సున్నా. మిద్దె మీది ట్యాంకు నిండా నీళ్లున్నాయి, నల్లా కట్టేసి ఉంది, అలాంటిది. ట్యాంకు ఎత్తు వోల్టేజి. నల్లా తిప్పితే సెకనుకు ఎంత నీరు పారుతుందో అది కరెంటు. పైపు సన్నగా ఉండి ఎంత అడ్డుపడుతుందో అది నిరోధం. మూడూ వేరు వేరు. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. ఓమ్ నియమం ఇదే. దాన్ని 1827లో అచ్చు వేయించిన జార్జ్ సైమన్ ఓమ్ కూడా బడిలో పాఠాలు చెప్పిన మనిషేనని మా అమ్మాయి చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి వాళ్ల సైన్సు టీచర్ మీద నాకు ఇంకా గౌరవం పెరిగింది.

మొదటి సర్క్యూటు నా దగ్గరి సామానుతోనే చేసుకున్నాం. చీరల డబ్బా అట్ట, రెండు టార్చి సెల్లులు, 2.5 వోల్టుల టార్చి బుగ్గలు రెండు, పాత చార్జర్ నుంచి తీసిన వైర్లు. స్విచ్చి ఎలా అని ఆలోచిస్తుంటే మా అమ్మాయి నా డబ్బాలోంచి టిచ్ బటన్ తీసింది. బ్లౌజుకు కుట్టే ఇనుప టిచ్ బటనే. ఒక సగానికి ఒక వైరు, ఇంకో సగానికి ఇంకో వైరు చుట్టి నొక్కితే బుగ్గ వెలిగింది, విప్పితే ఆరింది. పన్నెండు బటన్ల అట్ట పది రూపాయలు. బజారులో అమ్మే కిట్టులో ఇంతకన్నా మంచి స్విచ్చి ఉంటుందని నేననుకోను.

రెండు బుగ్గలను ఒకదాని వెంట ఒకటి కలిపితే రెండూ ఎర్రగా, నీరసంగా వెలిగాయి. మీటరుతో ఒక్కో బుగ్గ దగ్గర కొలిస్తే 1.49, 1.51. రెండూ కలిపితే సెల్లుల దగ్గరున్న 3 వోల్టులు. అంటే వోల్టేజిని పంచుకున్నాయి. ఒక బుగ్గ విప్పితే రెండోది కూడా ఆరిపోయింది. శ్రేణి సంధానం అని పుస్తకంలో ఉన్నది ఇదే. పెళ్లి పందిళ్లకు కట్టే దీపాల దండను మనం సీరియల్ సెట్టు అని ఎందుకంటామో అప్పుడు తెలిసింది. పాత సెట్లలో ఒక్క చిన్న బుగ్గ పోతే దండలో ఆ వరసంతా ఎందుకు ఆరిపోతుందో కూడా తెలిసింది. అదే బుగ్గలను పక్కపక్కన, ఒక్కోదాని రెండు కొసలూ నేరుగా సెల్లులకు తగిలేలా కలిపితే రెండూ తెల్లగా వెలిగాయి. ఒకటి విప్పినా రెండోది ఆరలేదు. ఇది సమాంతర సంధానం. ఇంట్లో ఫ్యాను ఆపితే లైటు ఆరకపోవడానికి కారణం ఇదే. ఇంటి వైరింగు అంతా ఇలాగే ఉంటుంది.

కరెంటు కొలవడం దగ్గర తప్పు జరిగింది. వోల్టేజిని పక్క నుంచి కొలవచ్చు, సర్క్యూటును ముట్టుకోనక్కర్లేదు. ఆంపియర్లు కొలవాలంటే మాత్రం సర్క్యూటును ఒక చోట తెంచి, ఆ తెంపు మధ్యలో మీటరు పెట్టాలి. బస్సు ఎక్కేవాళ్లను లెక్క పెట్టాలంటే తలుపు దగ్గరే నిలబడాలి కదా, అలాగ. మా చిన్నోడు ఏడో తరగతి. అక్కను చూసి వాడూ కొలుస్తానని, మీటను 200 మిల్లీ ఆంపియర్ల మీద పెట్టి, బుగ్గ ఏదీ లేకుండా వైర్లను నేరుగా సెల్లుకే అంటించాడు. చప్పుడు కాలేదు, పొగ రాలేదు. ఆ తర్వాత ఆ గుర్తు మీద ఎంత కొలిచినా సున్నానే. ఆంపియర్లు కొలిచే దారిలో మీటరుకు నిరోధం దాదాపు ఉండదు. ఉంటే అదే కరెంటును తగ్గించి తప్పు లెక్క చూపిస్తుంది. అందుకే సెల్లుకు నేరుగా అంటిస్తే కరెంటు ఆపేవాడు లేక ఒక్కసారిగా దూకుతుంది. లోపల గాజు ఫ్యూజు తెగి మీటరును కాపాడింది. పెద్దాయన వెనక మరలు విప్పి, బియ్యపు గింజంత మందం లేని ఆ తెగిన తీగను వెలుగుకు ఎత్తి మావాడికి చూపించాడు. ఫ్యూజు పది రూపాయలు. మావాడు ఫ్యూజు పాఠం ఇక మర్చిపోడు.

టార్చి బుగ్గ కరెంటు 200 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.2 ఆంపియర్లు, దాటుతుంది కాబట్టి, దాన్ని పై రంధ్రంతోనే కొలవాలి. ఒక్క బుగ్గకు 0.30 ఆంపియర్లు వచ్చింది. పక్కపక్కన రెండు పెడితే 0.58. ఒకదాని వెంట ఒకటి పెడితే 0.22. ఇక్కడ మా అమ్మాయి ఆగిపోయింది. నిరోధం రెట్టింపైతే కరెంటు సగం, అంటే 0.15 రావాలి. 0.22 ఎందుకు వచ్చింది? మీటరు తప్పేమో అనుకుంది. మూడుసార్లు కొలిచినా అంతే. పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకుంది. దీని సంగతి మళ్లీ వస్తుంది.

ఇంకో సందేహం నాది. వైరులో ఎలక్ట్రాన్లు చాలా నెమ్మదిగా కదులుతాయని పుస్తకంలో ఉంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగలో ఒక ఆంపియర్ పారుతుంటే సెకనుకు మిల్లీమీటరులో వందకు ఏడు వంతులేనట. అలాగైతే ఒక మీటరు పోవడానికి మూడు ముప్పావు గంటలకు పైనే పడుతుంది. మరి స్విచ్చి వేయగానే బుగ్గ ఎలా వెలుగుతుంది? మా అమ్మాయి దగ్గర జవాబు ఉంది కానీ నాకు మిషన్ దగ్గర కూర్చున్నాకే అది పట్టుబడింది. సూదిలోంచి దారం కొస పట్టి లాగితే పైనున్న దారపు ఉండ ఆ క్షణమే తిరుగుతుంది. ఉండ మీద ఇప్పుడు ఉన్న దారం సూది దాకా రావడానికి ఎంతో సేపు పడుతుంది. కానీ దారమంతా ముందే నిండి ఉంది కాబట్టి ఒక కొస కదిలితే అంతా కదులుతుంది. వైరు నిండా ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయి. స్విచ్చి వేస్తే అన్నీ ఒకేసారి కదులుతాయి. ఈ మాట మా అమ్మాయి క్లాసులో చెబితే టీచర్ రెండోసారి చెప్పించిందట. కరెంటు ప్లస్సు నుంచి మైనస్సుకు పోతుందని బొమ్మలో బాణం వేస్తారు, ఎలక్ట్రాన్లు మాత్రం మైనస్సు నుంచి ప్లస్సుకు కదులుతాయి. ఎలక్ట్రాన్ల సంగతి తెలియక ముందే బాణం దిక్కు ఖాయమైపోయింది కాబట్టి అలాగే ఉంచారు.

నాకు డబ్బు మిగిల్చింది ఇస్త్రీ పెట్టె. ఒకసారి వేడెక్కుతుంది, ఒకసారి ఎక్కదు. ప్లగ్గు తీసి పక్కన పెట్టి, పూర్తిగా చల్లారాక, మీటను 200 ఓంల మీద పెట్టాను. ముందు మీటరు వైర్ల కొసలకున్న రెండు ముళ్లనూ ఒకదానికొకటి ఆనిస్తే 0.4 చూపించింది. అది మీటరు వైర్ల సొంత నిరోధం. తర్వాత ప్లగ్గు రెండు పిన్నులకు ఆనించాను. తెర ఎడమ చివర ఒక్క 1 అంకె నిలబడింది. ఈ మీటరులో దాని అర్థం "నేను కొలవలేనంత ఎక్కువ", అంటే దారి తెగిపోయింది. మా అమ్మాయి పిన్నుల దగ్గర ముళ్లు పట్టుకుంది, నేను వైరును ప్లగ్గు నుంచి అంగుళం అంగుళం వంచుతూ వచ్చాను. పెట్టె పిడి దగ్గర, వైరు లోపలికి పోయే చోట, బొటనవేలితో కొంచెం నొక్కగానే 53.6 వచ్చింది. వేలు తీస్తే 1. నొక్కితే 53.6. పైన నూలు తొడుగు బాగానే ఉంది, లోపల రాగి పోగులు తెగి ఉన్నాయి. కొత్త వైరు 90 రూపాయలు. లేకపోతే "కాయిల్ పోయింది" అంటే నమ్మి కాయిల్ వేయించేదాన్ని.

ఆ 53 అంకెతో లెక్క కూడా సరిపోయింది. 230 వోల్టులను 53తో భాగిస్తే 4.3 ఆంపియర్లు. 4.3ను 230తో హెచ్చిస్తే సుమారు 1000 వాట్లు. పెట్టె అడుగున రాసి ఉన్నది 1000 వాట్లే. ఆ పని అయ్యాక ఇంకొకటి చూశాం. ప్లగ్గులోని లావు పిన్ను, అంటే ఎర్తు పిన్ను నుంచి పెట్టె అడుగు ఇనుముకు 0.6 ఓంలు. మిగతా రెండు పిన్నుల నుంచి ఇనుముకు 1, అంటే ఎక్కడా తగలడం లేదు. ఇస్త్రీ పెట్టె వాడే ప్రతి ఇంట్లో ఈ రెండు కొలతలూ ఏడాదికోసారైనా చూసుకోవాలని గట్టిగా చెబుతాను. లోపల తీగ పెట్టెకు తగిలినా, ఎర్తు తెగిపోయి ఉంటే ఫ్యూజు తెగదు. కరెంటు పెట్టె పట్టుకున్న మనిషి చేతిలోంచే దారి వెతుక్కుంటుంది.

ఇప్పుడు 0.22 సంగతి. దసరా సెలవుల్లో అటక మీద పాత 60 వాట్ల బుగ్గ దొరికింది. లెక్క ప్రకారం దాని నిరోధం 880 ఓంల పైన ఉండాలి. మీటరు పెడితే 66. మా అమ్మాయి కాగితం మీద లెక్క వేసి కళ్లు పెద్దవి చేసింది: "అమ్మా, ఇది నిజమైతే ఈ బుగ్గ 800 వాట్లు తాగాలి." సెలవులు అయ్యాక టీచర్‌ను అడిగింది. బుగ్గ లోపలి టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు నిరోధం తక్కువ, తెల్లగా కాలినప్పుడు పది రెట్లకు పైగా పెరుగుతుంది. స్విచ్చి వేసిన తొలి క్షణంలో నిజంగానే ఎక్కువ కరెంటు దూకుతుంది, రెప్ప వేసేలోపు తీగ వేడెక్కి కరెంటు తగ్గిపోతుంది. పాత బుగ్గలు సాధారణంగా స్విచ్చి వేసేటప్పుడే టప్పున పోవడానికి కారణం అదే. మా టార్చి బుగ్గలు కూడా అంతే. రెండు వరసగా పెట్టినప్పుడు నీరసంగా వెలిగాయి, అంటే తీగ అంత వేడెక్కలేదు, కాబట్టి నిరోధం తగ్గింది, కరెంటు సగానికి పడిపోకుండా 0.22 దగ్గర ఆగింది. అట్ట లోపల రాసుకున్న ప్రశ్న కింద ఆ రోజు జవాబు రాసింది. ఇస్త్రీ పెట్టెలోది నైక్రోమ్ తీగ, వేడికి దాని నిరోధం పెద్దగా మారదు. అందుకే అక్కడ లెక్క సరిగ్గా కుదిరింది.

చేతికి దొరికినవన్నీ ఒక సాయంత్రం కొలిచాం. కత్తెర, సూది, ఇనుప జిప్పు: సున్నాకు దగ్గర. దారం, సుద్ద, గుండీలు: 1. మా అత్తమ్మ పెళ్లినాటి పట్టుచీర జరీ పోగుకు ఓంలు వచ్చాయి, అంటే దానిలో లోహం ఉంది. ఇప్పటి తక్కువ ధర చీర జరీకి అంత మెరుపు ఉన్నా 1 తప్ప రాలేదు. తర్వాత మా అమ్మాయి రెండు ముళ్లనూ రెండు చేతుల వేళ్లతో గట్టిగా పట్టుకుంది. 2000 కిలో ఓంల మీట మీద 700 దాకా చూపించింది. చేతులు తడిపి పట్టుకుంటే 180కి పడింది. మనిషి అదే, చర్మం తడిసింది అంతే. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని ఎన్నేళ్లుగానో చెబుతున్నాను. పిల్లలు ఆ అంకె చూశాక ఇక చెప్పాల్సిన పని రాలేదు.

ఈ మీటరు విలువ నాకు పూర్తిగా తెలిసింది శ్రావణమాసంలో. చేతి నిండా బ్లౌజులు, శుక్రవారానికి ఇవ్వాలి. గురువారం వాన పడి వెలిసింది. మా ఒక్క ఇంట్లోనే అన్నీ ఆగిపోయాయి. పక్కింట్లో ఉంది. టెస్టర్ పెడితే వెలుగుతోంది. పిలిపించిన ఎలక్ట్రీషియన్ ఒకాయన అటూ ఇటూ చూసి, లోపల వైరింగు కాలింది, మార్చాలి, 4,500 అవుతుంది, రెండు రోజుల పని అన్నాడు. ఆయన వెళ్లాక మా అమ్మాయి బోర్డు రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ పెట్టి చూసింది. రెండింట్లోనూ వెలిగింది. కుడి రంధ్రంలో ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు ఉంటుంది, వెలగాలి. ఎడమ దాంట్లో న్యూట్రల్, అంటే తిరిగి పోయే వైరు, వెలగకూడదు. నేను చెప్పులు వేసుకుని, చేతులు తుడుచుకుని, మీట 750 వోల్టుల ఏసీ మీద ఉందో లేదో, ఎర్ర వైరు మధ్య రంధ్రంలో ఉందో లేదో ఇద్దరం రెండుసార్లు చూసుకుని, కొలిచాను. రెండు రంధ్రాల మధ్య 3 వోల్టులు. ఫేజుకు, పైనున్న ఎర్తు రంధ్రానికి మధ్య 234.

మా అమ్మాయి కాసేపు ఆలోచించి ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేసింది. ఎడమ రంధ్రంలో టెస్టర్ ఆరిపోయింది. ఫ్యాను స్విచ్చి వేసింది. మళ్లీ వెలిగింది. "అమ్మా, వస్తోంది, తిరిగి పోవడం లేదు" అంది. ఫేజు నుంచి వచ్చింది ఫ్యానులోంచి న్యూట్రల్ వైరులోకి చేరి, అక్కడ ముందుకు దారి లేక నిలబడిపోయింది. అందుకే ఆ వైరు కూడా టెస్టర్‌ను వెలిగిస్తోంది. మా టిచ్ బటన్ విప్పి ఉన్నట్టే, కాకపోతే తెంపు తిరుగుదారిలో ఉంది. సర్క్యూటు అంటే పోయి మళ్లీ బయలుదేరిన చోటికి రావాలి. వలయం అని పుస్తకంలో రాసింది ఊరికే కాదు. ఇంకో భయపడాల్సిన సంగతి కూడా ఉంది. అప్పుడు ఇల్లంతా చీకటి, ఏదీ పనిచేయదు, కానీ మామూలుగా ఏమీ చేయదనుకునే న్యూట్రల్ వైరు ముట్టుకున్నా షాక్ కొడుతుంది.

పగలు వచ్చిన లైన్‌మన్‌కు ఈ అంకెలు చెప్పాం. స్తంభం ఎక్కి, మా సర్వీసు వైరు న్యూట్రల్ ముడి విప్పి చూపించాడు. తుప్పు పట్టి, వానకు పూర్తిగా వదులై ఉంది. గీకి, బిగించి కట్టాడు. పది నిమిషాలు. వైరింగు చెక్కు చెదరలేదు. శుక్రవారం బ్లౌజులు శనివారం ఉదయం ఇచ్చాను.

మా ఇల్లు లైను చివర ఉంది. ఎండాకాలం పోయాక కూడా కొన్ని సాయంత్రాలు వోల్టేజి పడిపోతుంది. టెస్టర్ 150 వోల్టులకూ వెలుగుతుంది, 230కీ వెలుగుతుంది. దాంతో తేడా తెలియదు. మీటరుతో ఒక నోటుబుక్కులో రాసుకున్నాం: ఉదయం ఏడింటికి 238, మధ్యాహ్నం 231, రాత్రి ఏడున్నరకు 189. 189 దగ్గర నా 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 675 వాట్లే ఇస్తుంది. సాయంత్రం బట్టలు ఎందుకు ఆలస్యమవుతాయో ఇన్నేళ్లకు తెలిసింది. డిసెంబరులో బడి వాళ్లు నాగార్జునసాగర్ తీసుకెళ్లారు. అక్కడి ప్రధాన విద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్లవి ఏడు. ఇంటికి రాగానే మా అమ్మాయి లెక్క వేసి, "అన్నీ తిరిగితే నీ ఇస్త్రీ పెట్టెలు ఎనిమిది లక్షలు" అంది.

మా అన్నకు బత్తాయి తోట ఉంది. మీటరు ఇవ్వు, బోరు మోటారు చూస్తానన్నాడు. ఇవ్వలేదు. స్టార్టర్ డబ్బాలో రెండు ఫేజుల మధ్య 415 వోల్టులుంటాయి. మీటరు మీద 750 అని రాసి ఉన్నా, ఈ సన్నటి వైర్లతో, పలచటి ప్లాస్టిక్ ముళ్లతో అక్కడికి పోవడం ప్రాణంతో ఆట. పైగా ఇది ఏసీ ఆంపియర్లు కొలవదు. మోటారు ఎంత గుంజుతుందో తెలియాలంటే వైరును తెంచకుండా చుట్టూ పట్టుకుని కొలిచే క్లాంప్ మీటరు కావాలి. వోల్టేజి తగ్గితే ఇస్త్రీ పెట్టె తక్కువ గుంజుతుంది కానీ, బోరు మోటారు నీళ్లు అంతే ఎత్తాలి కాబట్టి ఎక్కువ గుంజి వైండింగు కాల్చుకుంటుంది. అన్న క్లాంప్ మీటరే కొనుక్కున్నాడు.

లోపాలు. ఎర్ర వైరు ముల్లు దగ్గర మూడు నెలలకే తెగింది, సోల్డరింగు చేయించాం. మర్చిపోతే తనంతట తాను ఆగదు, అలా రెండు సెల్లులు ఖాళీ అయ్యాయి. దారి ఉందో లేదో చెప్పే బీప్ శబ్దం లేదు, తెరను చూస్తూ ఉండాలి. ఇస్త్రీ వైరు వెతికేటప్పుడు ఇద్దరం కావాల్సి వచ్చింది అందుకే. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే బీప్ ఉన్నది తీసుకోండి. డబ్బాలోని కాగితంలో తెలుగు ఒక్క ముక్క లేదు. బిల్లు అడిగితే ఇచ్చారు, వారంటీ మాత్రం లేదు. కొలత విషయంలో పేరు పెట్టను. బడిలోని వోల్టు మీటరు పక్కన పెట్టి చూస్తే సెల్లుకు అది 1.6, ఇది 1.58.

పిల్లల చదువుకు, సెల్లులకు, ప్లగ్గు తీసిన సామాను చూసుకోవడానికి 5కి 4. గోడ బోర్డులో కొలవడానికి పెద్దవాళ్లు పక్కన ఉంటేనే. సెల్లుల గురించి ఒక మాట: మీటరులో 1.3 చూపించిన పాత సెల్లును మంచిదని దాచకండి. బుగ్గ పెట్టి, వెలుగుతుండగా కొలవండి. మా దగ్గర అలాంటిది ఒకటి 0.7కి పడిపోయింది.

మార్చిలో పరీక్షలు. మీటరు ఇప్పుడు మా వీధి పిల్లలు నలుగురి చేతుల్లో తిరుగుతోంది. తిరిగి ఇచ్చేటప్పుడు మీట ఆఫ్‌లో, ఎర్ర వైరు మధ్య రంధ్రంలో ఉండాలని డబ్బా మూత మీద మా చిన్నోడు స్కెచ్ పెన్నుతో రాశాడు.